కిడ్నీ మార్పిడి తర్వాత వదలని జ్వరం, పొడి దగ్గు: టీబీ మందులు మొదలుపెట్టే ముందు ఏం చేయాలి?

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ తమ్ముడికి 33 ఏళ్లు. 14 నెలల క్రితం మీ అమ్మగారు ఇచ్చిన కిడ్నీని అమర్చారు. మూడు వారాలుగా సాయంత్రం పూట జ్వరం వస్తోంది, పొడి దగ్గు ఉంది, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది. ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. మీ ఊళ్లో రెండు రకాల యాంటీబయాటిక్‌లు వాడినా తగ్గలేదు, ఇక టీబీ మందులు మొదలుపెడదామని అక్కడి వైద్యుడు అంటున్నారు. మీ సందేహాలు మూడు: టీబీ మందులు మొదలుపెట్టవచ్చా, కిడ్నీ కోసం వాడే మందులు కొన్నాళ్లు ఆపాలా, ఈ ఇన్ఫెక్షన్ అమ్మ కిడ్నీ నుంచే వచ్చిందా.

నేను ఊపిరితిత్తుల వైద్యుడిని. కిడ్నీ, కాలేయ మార్పిడి విభాగాలతో కలిసి పనిచేస్తూ, మార్పిడి జరిగినవారికి వచ్చే ఛాతీ ఇన్ఫెక్షన్లనే ఎక్కువగా చూస్తుంటాను. నా సమాధానం ఇది.

ఈ రోజో రేపో మార్పిడి జరిగిన ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఎక్స్‌రే బాగుందని ఆగవద్దు, ఛాతీ సీటీ స్కాన్ అవసరం. క్రిమి ఏదో తేలకముందే టీబీ మందులు మొదలుపెట్టనివ్వవద్దు. కిడ్నీ మందుల్లో ఒక్క మాత్ర కూడా మీ అంతట మీరు ఆపవద్దు, తగ్గించవద్దు. అమ్మగారి కిడ్నీకీ ఈ జ్వరానికీ సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువ.

కూర్చుని ఉన్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా, వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 94 కంటే తక్కువ చూపిస్తున్నా, రేపటి దాకా కూడా ఆగకుండా ఇప్పుడే బయలుదేరండి.

ఇక కారణాలు చెబుతాను. కొంచెం పొడవుగా ఉంటుంది గానీ, అక్కడి వైద్యులతో మాట్లాడేటప్పుడు ఇవి మీకు తెలిసి ఉండాలి.

1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి ఒకే పోలిక ఉన్న కవలల మధ్య జరిగింది. ఇద్దరి కణజాలమూ ఒకటే కాబట్టి గ్రహీత శరీరం ఆ కిడ్నీని పరాయిదిగా చూడలేదు, రోగనిరోధక శక్తిని అణిచే మందులు అవసరం కాలేదు. మిగిలిన అందరికీ ఆ మందులు కావాలి. 1980లలో సైక్లోస్పోరిన్, ఆ తర్వాత టాక్రోలిమస్ రావడంతోనే అవయవ మార్పిడి ఇంత విస్తృతమైంది. ఈ మందులు ప్రధానంగా టి కణాలు అనే రక్షక రక్తకణాలను అణుస్తాయి. కొత్త కిడ్నీ మీద దాడి చేసేవి ఆ కణాలే. అయితే టీబీ క్రిమినీ, న్యూమోసిస్టిస్ అనే శిలీంధ్రాన్నీ, సైటోమెగలో వైరస్‌నూ జీవితాంతం అదుపులో ఉంచేవి కూడా అవే. కిడ్నీని కాపాడుతున్న చర్యే ఊపిరితిత్తుల తలుపు తీసి ఉంచుతోంది. ఊపిరితిత్తులే ఎందుకంటే, బయటి గాలిని రోజంతా నేరుగా లోపలికి తీసుకునే అవయవం అదొక్కటే.

దీనివల్ల కలిగే మరో చిక్కు మీ తమ్ముడి విషయంలో ఇప్పటికే కనిపిస్తోంది. జ్వరం, కళ్లె, ఎక్స్‌రేలో తెల్లటి మచ్చ, ఇవన్నీ చాలావరకు శరీరం క్రిమితో పోరాడుతున్నప్పుడు పుట్టే గుర్తులు. రోగనిరోధక శక్తిని అణిచే స్టెరాయిడ్, మైకోఫినోలేట్, టాక్రోలిమస్ మూడూ వాడుతున్న మనిషిలో ఆ పోరాటం బలహీనంగా ఉంటుంది కాబట్టి గుర్తులు కూడా పలచగానే ఉంటాయి. మామూలు మనిషికి 103 డిగ్రీల జ్వరం తెచ్చే నెమ్ము ఇక్కడ 100 దగ్గరే ఆగిపోవచ్చు, ఎక్స్‌రే శుభ్రంగా ఉండవచ్చు. అందుకే మార్పిడి జరిగినవారి విషయంలో స్వల్ప జ్వరాన్ని కూడా మేము స్వల్పంగా తీసుకోము.

మార్పిడి జరిగి ఎంతకాలమైందన్నది మొదటి ఆధారం. ఈ కాలక్రమాన్ని అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి చెందిన రాబర్ట్ రూబిన్, జే ఫిష్‌మన్ స్పష్టంగా వివరించారు. 1998లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన వారి వ్యాసాన్ని ఈ రంగంలోకి వచ్చే ప్రతివారూ చదువుతారు. మొదటి నెలలో వచ్చేవి ఎక్కువగా ఆసుపత్రి క్రిములు, శస్త్రచికిత్సకూ వెంటిలేటర్‌కూ సంబంధించినవి, అరుదుగా దాత నుంచి వచ్చినవి. ఒకటి నుంచి ఆరు నెలల మధ్య మందుల మోతాదు అధికంగా ఉంటుంది కాబట్టి, మామూలు మనుషులను ఏమీ చేయని క్రిములు విజృంభించే కాలం అది. ఆరు నెలలు దాటాక, కిడ్నీ బాగా పనిచేస్తూ మోతాదులు తగ్గినవారికి ఎక్కువగా అందరికీ వచ్చే ఇన్ఫెక్షన్లే వస్తాయి. నివారణ మందులు విస్తృతంగా వాడుతున్నప్పటి నుంచి ఈ గీతలు కొంత జరిగాయి. ఒకప్పుడు నాలుగో నెలలో కనిపించేవి ఇప్పుడు నివారణ మాత్ర ఆపిన కొన్ని నెలలకు, అంటే సుమారు ఏడాది దాటాక కనిపిస్తున్నాయి. టీబీ మాత్రం మన దేశంలో ఏ కాలంలోనైనా రావచ్చు.

పద్నాలుగో నెల, మూడు వారాల జ్వరం, పొడి దగ్గు, నడిస్తే ఆయాసం, మామూలు ఎక్స్‌రే, యాంటీబయాటిక్‌లకు లొంగకపోవడం. ఈ వివరాలు చదవగానే నా మనసులో మొదట మెదిలింది టీబీ కాదు, న్యూమోసిస్టిస్ నెమ్ము. మీరు రాసిన వివరాల్లో ఒక ముఖ్యమైన విషయం లేదు. మార్పిడి తర్వాత ఈ జబ్బు రాకుండా రోజూ లేదా రోజు విడిచి రోజు వేసుకోమని సెప్ట్రాన్ లేదా బాక్ట్రిమ్ అనే మాత్ర ఇచ్చి ఉంటారు. అది కోట్రైమోక్సజోల్. మీ తమ్ముడు దాన్ని ఎప్పుడు ఆపాడో చీటీలు చూసి తెలుసుకోండి. ఆపిన కొద్ది నెలల్లో ఇలాంటి లక్షణాలు మొదలైతే నా అనుమానం మరింత బలపడుతుంది.

ఈ న్యూమోసిస్టిస్ చరిత్ర ఆసక్తికరమైనది. 1909లో బ్రెజిల్ శాస్త్రవేత్త కార్లోస్ షాగస్ దీన్ని చూసి వేరే పరాన్నజీవి తాలూకు ఒక దశ అనుకున్నాడు. ఇది శిలీంధ్రమని 1980ల చివరలో జన్యు పరీక్షలతో గాని తేలలేదు. మనుషులకు వచ్చే రకానికి చెక్ శాస్త్రవేత్త ఒట్టో యిరోవెట్స్ పేరు పెట్టారు. ఇది గాలి ద్వారా ఒకరి నుంచి మరొకరికి చేరుతుంది. మార్పిడి రోగులు కలిసి కూర్చునే క్లినిక్‌లలో ఒకేసారి పలువురికి సోకిన సందర్భాలు యూరప్‌లోనూ జపాన్‌లోనూ నమోదయ్యాయి. ఆరోగ్యవంతుల్లో ఏ గుర్తూ లేకుండా వచ్చి పోతుంది. టి కణాలు అణగిన మనిషిలో మాత్రం గాలి గదులను నురుగులాంటి పదార్థంతో నింపేస్తుంది. అక్కడి నుంచి ఆక్సిజన్ రక్తంలోకి దాటలేదు. అందుకే కళ్లె పెద్దగా రాదు, స్టెతస్కోప్‌తో విన్నా ఏమీ వినిపించకపోవచ్చు, కానీ కొంచెం నడిచేసరికి ఆయాసం వస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి నేను మంచం దగ్గరే చేసే పరీక్ష ఒకటుంది. ఒక యువకుడు ఇంచుమించు మీ తమ్ముడి లాంటి కథతోనే వచ్చాడు. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 97 ఉంది, ఎక్స్‌రే బాగుంది, అంతకుముందు చూసినవారు వైరల్ జ్వరమని పంపేశారు. ఆక్సీమీటర్ వేలికే ఉంచి వరండాలో రెండుసార్లు అటూ ఇటూ నడిపిస్తే 86కు పడిపోయింది. ఆ సాయంత్రమే తీసిన సీటీలో రెండు ఊపిరితిత్తులూ చలికాలంలో అద్దం మీద ఆవిరి పట్టినట్టు మసకగా ఉన్నాయి. ఊపిరితిత్తి కడిగిన నీటిలో న్యూమోసిస్టిస్ దొరికింది. పెద్ద మోతాదులో కోట్రైమోక్సజోల్ మూడు వారాలు వాడాము, మొదటి రోజుల్లో స్టెరాయిడ్ పెంచాము. అతను కోలుకుని మళ్లీ ఉద్యోగానికి వెళ్తున్నాడు, కిడ్నీ కూడా నిలిచింది. ఆయాసం వల్ల నడవడం ప్రమాదం కానంతవరకు ఈ పరీక్ష మీ తమ్ముడికి కూడా ఆసుపత్రిలో చేయమని అడగండి.

కోట్రైమోక్సజోల్ ముందుజాగ్రత్తగా వాడితే ఈ జబ్బు రాకుండా ఆపవచ్చని 1977లో అమెరికాలోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో వాల్టర్ హ్యూస్ బృందం క్యాన్సర్ ఉన్న పిల్లల మీద చేసిన అధ్యయనంతో రుజువు చేసింది. చాలా చవకైన మాత్ర అది. నాకు నిజంగా బాధ కలిగించేది ఏమిటంటే, ఖరీదైన టాక్రోలిమస్‌ను అప్పులు చేసి కొనుక్కుంటున్న కుటుంబాల్లో కూడా ఈ చవక మాత్ర ఎందుకో తెలియక మధ్యలో ఆగిపోతూ ఉంటుంది.

ఇప్పుడు టీబీ సంగతి. మీ ఊరి వైద్యుడి అనుమానం అర్థం లేనిది కాదు. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారిని ఏళ్ల తరబడి గమనించి జార్జ్ జాన్, ఆయన సహచరులు 2001లో కిడ్నీ ఇంటర్నేషనల్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వారిలో సుమారు 13 శాతం మందికి మార్పిడి తర్వాత టీబీ వచ్చింది. టీబీ తక్కువగా ఉన్న దేశాల్లో ఈ సంఖ్య సాధారణంగా ఒక శాతానికి అటూ ఇటూ ఉంటుంది. చిన్నప్పుడెప్పుడో లోపలికి చేరి నిద్రాణంగా ఉన్న క్రిమి, మందులతో కాపలా సడలగానే లేస్తుంది. పైగా మామూలు రోగుల కంటే వీరిలో ఊపిరితిత్తులు దాటి గ్రంథులకు, పొట్టకు, మెదడు పొరలకు పాకడం ఎక్కువ.

కాబట్టి టీబీ కోసం వెతకాలి. వెతకడం వేరు, అనుమానం మీద మందులు మొదలుపెట్టడం వేరు. రెండోది ఎందుకు వద్దంటున్నానో వివరిస్తాను.

టీబీ చికిత్సకు మూలస్తంభమైన రిఫాంపిసిన్ కాలేయంలోని సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్‌ను ఉధృతం చేస్తుంది. టాక్రోలిమస్‌ను విరగ్గొట్టేది కూడా ఆ ఎంజైమే. రిఫాంపిసిన్ మొదలైన కొద్ది రోజుల్లోనే రక్తంలో టాక్రోలిమస్ స్థాయి పడిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి మోతాదును మూడు నుంచి ఐదు రెట్లు పెంచాల్సి రావచ్చు. స్టెరాయిడ్ ప్రభావం కూడా తగ్గుతుంది. ఇది తెలియకుండా మందులు మొదలుపెడితే, మాత్రలన్నీ క్రమం తప్పకుండా వేసుకుంటున్న మనిషికి కూడా కిడ్నీ రిజెక్షన్, అంటే శరీరం ఆ కిడ్నీని పరాయిదిగా చూసి దాడి చేయడం, వస్తుంది. భర్త ఇచ్చిన కిడ్నీతో హాయిగా ఉన్న ఒక గృహిణికి ఇదే జరిగింది. ఆమె సొంత ఊళ్లో జ్వరానికి టీబీ మందులు ఇచ్చారు, మార్పిడి బృందానికి ఎవరూ చెప్పలేదు. మా దగ్గరకు వచ్చేసరికి టాక్రోలిమస్ స్థాయి దాదాపు లేనట్టే ఉంది, కిడ్నీ పనితీరును చూపే క్రియాటినిన్ 1.1 నుంచి 3 దాటింది. బయాప్సీలో రిజెక్షన్ కనిపించింది. ఇంతకూ ఆమెకు ఉన్నది టీబీ కాదు, నోకార్డియా అనే మరో క్రిమి.

ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో ఇచ్చే మాత్ర ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ నాలుగూ కలిపి చేసినది. అందులోంచి రిఫాంపిసిన్ ఒక్కదాన్ని తీసేయడం కుదరదు. మీ తమ్ముడికి టీబీ నిర్ధారణ అయినా, మందులను విడివిడిగా రాయాల్సి రావచ్చు. మా ముందున్న దారులు మూడు. రిఫాంపిసిన్ ఇస్తూనే టాక్రోలిమస్ స్థాయిని తరచూ చూసి మోతాదు పెంచడం ఒకటి. ఎంజైమ్‌ను అంతగా రెచ్చగొట్టని రిఫాబ్యూటిన్ వాడటం రెండోది. ఆ వర్గం మందులే లేకుండా లివోఫ్లాక్సాసిన్ వంటివి చేర్చి చికిత్స కాలాన్ని పొడిగించడం మూడోది. ఏది మంచిదన్న విషయంలో కేంద్రాల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. జబ్బు తీవ్రంగా, పలు అవయవాలకు పాకి ఉంటే నేను రిఫాంపిసిన్ వర్గాన్ని వదులుకోను. కొద్దిపాటి జబ్బయితే, టాక్రోలిమస్ స్థాయి పరీక్షకు మాటిమాటికీ నగరానికి రాలేని కుటుంబమైతే, మూడో దారి వైపు మొగ్గుతాను.

ఇక్కడే మరో రెండు ప్రమాదాలు చెప్పాలి. మీ తమ్ముడు ఇప్పటికే వాడిన రెండు యాంటీబయాటిక్‌ల పేర్లు చూడండి. వాటిలో లివోఫ్లాక్సాసిన్ ఉంటే, అది టీబీ క్రిమిని కూడా కొంత అణుస్తుంది, దాంతో పరీక్షల్లో క్రిమి దొరకకుండా నిర్ధారణ ఆలస్యమవుతుంది. క్లారిత్రోమైసిన్ ఉంటే, అది రిఫాంపిసిన్‌కు విరుద్ధంగా టాక్రోలిమస్ స్థాయిని ప్రమాదకరంగా పెంచుతుంది. చేతులు వణకడం, క్రియాటినిన్ పెరగడం దాని గుర్తులు. అజిత్రోమైసిన్‌తో ఆ ఇబ్బంది చాలా తక్కువ. పంపరపనస పండు కూడా ఇదే రీతిలో టాక్రోలిమస్‌ను పెంచగలదు కాబట్టి మా రోగులను దాన్ని పూర్తిగా మానేయమంటాను.

అనుమానితుల జాబితా ఇంతటితో అయిపోలేదు. సైటోమెగలో వైరస్ మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు అందరి ఒంట్లోనూ ముందే ఉంటుంది, మందుల వల్ల తిరిగి లేస్తుంది. జ్వరంతో పాటు తెల్ల రక్తకణాలు తగ్గడం, విరేచనాలు ఉంటే దాన్ని తప్పక చూడాలి. ఇది ఉన్నవారిలో న్యూమోసిస్టిస్, ఆస్పర్‌జిల్లస్ వంటి శిలీంధ్రాలు తోడు రావడం కూడా ఎక్కువ, అందుకే ఒక క్రిమి దొరికిందని వెతకడం ఆపేయకూడదు.

శిలీంధ్రాల దగ్గర పేరు మరీ ముఖ్యం. ఛాతీలో నొప్పి, కళ్లెలో రక్తం, సీటీలో గుండ్రటి గడ్డలు కనిపిస్తే ఆస్పర్‌జిల్లస్, మ్యూకర్ రెండూ మనసులో ఉండాలి. ఆస్పర్‌జిల్లస్‌కు మొదటి మందు వోరికొనజోల్. అది మొదలుపెట్టిన రోజే టాక్రోలిమస్‌ను సుమారు మూడో వంతుకు తగ్గించాలి, లేకపోతే విషతుల్యమవుతుంది. మ్యూకర్ మీద వోరికొనజోల్ పనిచేయదు. దానికి లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ కావాలి, వీలైతే చెడిన భాగాన్ని శస్త్రచికిత్సతో తీసేయాలి. ఆంఫోటెరిసిన్ కిడ్నీకి భారమే అయినా తప్పదు. 2021లో కోవిడ్ రెండో ఉధృతిలో బ్లాక్ ఫంగస్ పేరుతో మన రాష్ట్రాలన్నీ విన్నది ఈ మ్యూకర్ గురించే. మధుమేహం దీనికి ముఖ్యమైన నేస్తం. టాక్రోలిమస్, స్టెరాయిడ్ రెండూ మధుమేహాన్ని కొత్తగా తెచ్చిపెట్టగలవు కాబట్టి మీ తమ్ముడికి చక్కెర పరీక్ష కూడా చేయించండి.

పొలం పని చేసేవారైతే మరో రెండు పేర్లు చేరతాయి. నోకార్డియా మట్టిలో ఉంటుంది, ఊపిరితిత్తి నుంచి మెదడుకు పాకే గుణం దానికి ఉంది. అది దొరికితే తలనొప్పి లేకపోయినా మెదడు స్కాన్ చేయిస్తాము. మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే క్రిమి తడి నేలలో, వరి మళ్లలో ఉంటుంది, వర్షాకాలంలో ఎక్కువగా సోకుతుంది. మార్పిడి జరిగిన ఒక రైతు నాట్ల కాలంలో బురదలో దిగి పనిచేశాక నెమ్ముతో వచ్చాడు, రక్తపు కల్చర్‌లో ఈ క్రిమి పెరిగింది. దీనికి సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ సూదులతో మొదలుపెట్టి, తర్వాత నెలల తరబడి మాత్రలు వాడాలి. మీ తమ్ముడి వృత్తి ఏమిటో మీరు రాయలేదు. వైద్యులు అడగకపోయినా మీరే చెప్పండి. ఇంట్లో పావురాలు, కోళ్లు ఉన్నాయా, పాత ధాన్యపు గది శుభ్రం చేశాడా, పక్కన ఇల్లు కడుతున్నారా, ఎవరికైనా టీబీ ఉందా అన్నవి కూడా.

అసలు ఇన్ఫెక్షనే కాకపోవడం కూడా సాధ్యమే. సిరోలిమస్, ఎవరోలిమస్ అనే మందులు వాడుతున్నవారికి ఆ మందుల వల్లే ఊపిరితిత్తుల్లో వాపు వచ్చి అచ్చం ఇలాగే పొడి దగ్గు, జ్వరం, ఆయాసం కనిపిస్తాయి. మందు మారిస్తే తగ్గిపోతుంది. గుండె బలహీనమై నీరు చేరడం, రక్తపు గడ్డ, మందుల వల్ల వచ్చే లింఫోమా అనే క్యాన్సర్ కూడా పరిశీలించాల్సినవే.

ఇంత పొడవైన జాబితాలో ఒక్కో క్రిమికి ఒక్కో మందు. ఒక దాని మందు ఇంకోదానికి పనికిరాదు, పైగా చాలా మందులు టాక్రోలిమస్‌తో గొడవపడతాయి. అందుకే ఊహతో చికిత్స చేయడాన్ని నేను ఇంత గట్టిగా వ్యతిరేకిస్తున్నాను.

ఏ పరీక్షలు చేయాలి? ఛాతీ సీటీ మొదటిది. రక్త కల్చర్, క్రియాటినిన్, పొటాషియం, టాక్రోలిమస్ స్థాయి, సైటోమెగలో వైరస్ పీసీఆర్, ఆస్పర్‌జిల్లస్ జాడ కోసం చేసే గెలాక్టోమానన్ పరీక్షలకు అదే రోజు పంపిస్తారు. కళ్లె వస్తే టీబీ క్రిమిని జన్యు పద్ధతిలో పట్టే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష చేయాలి. ఇది ప్రభుత్వ టీబీ కేంద్రాల్లో ఉచితం, రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. సీటీలో మార్పులుండి కళ్లె రాకపోతే బ్రాంకోస్కోపీ చేయాలి. సన్నటి గొట్టాన్ని ఊపిరితిత్తిలోకి పంపి, కొంచెం ఉప్పునీరు వదిలి, తిరిగి పీల్చిన నీటిని అన్ని క్రిముల కోసం పరీక్షిస్తారు. మార్పిడి రోగుల్లో న్యూమోసిస్టిస్ క్రిముల సంఖ్య హెచ్ఐవీ ఉన్నవారిలో కంటే తక్కువగా ఉంటుంది కాబట్టి, మామూలు రంగు పరీక్షలో దొరకకపోయినా పీసీఆర్‌లో దొరుకుతుంది.

బ్రాంకోస్కోపీ అనగానే చాలా కుటుంబాలు వెనకాడతాయి, కళ్లె పరీక్షతోనో గొంతు స్వాబ్‌తోనో సరిపెట్టమంటాయి. దానికి నేనొక నిజమైన ఉదంతం చెబుతాను. 2020 చివర్లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఒక మహిళకు ఊపిరితిత్తుల మార్పిడి చేశారు. దాతకు ముక్కు, గొంతు స్వాబ్‌లో కోవిడ్ లేదని వచ్చింది. మార్పిడి తర్వాత గ్రహీతకు కోవిడ్ వచ్చింది, శస్త్రచికిత్సలో పాల్గొన్న ఒక సర్జన్‌కు కూడా సోకింది. దాత ఊపిరితిత్తి కడిగి దాచిన నీటిని వెనక్కి వెళ్లి పరీక్షిస్తే అందులో వైరస్ ఉంది. ఆ మహిళ 61వ రోజున మరణించారు. పై భాగంలో లేని క్రిమి లోతుల్లో ఉండగలదని అంత బాధాకరంగా రుజువైంది. ఆ తర్వాత అమెరికాలో ఊపిరితిత్తుల దాతలందరికీ లోపలి నమూనాతో పరీక్ష తప్పనిసరి చేశారు. మీ తమ్ముడికి బ్రాంకోస్కోపీ సూచిస్తే, ఆక్సిజన్ ఇంకా బాగున్న దశలోనే ఒప్పుకోండి. ఆక్సిజన్ పడిపోయాక చేయడం ప్రమాదకరం, ఒక్కోసారి అసాధ్యం.

ఆక్సిజన్ తక్కువగా ఉండి మనిషి నీరసిస్తుంటే మాత్రం ఫలితాల కోసం కాచుకుని కూర్చోము. నమూనాలు తీసిన వెంటనే, ఎక్కువ అనుమానమున్న క్రిమికి, చాలాసార్లు న్యూమోసిస్టిస్‌కూ బాక్టీరియాకూ కలిపి, మందులు మొదలుపెడతాము. ఫలితం రాగానే అవసరం లేనివి తీసేస్తాము. మార్పిడి బృందం పర్యవేక్షణలో, నమూనాలు చేతిలో ఉంచుకుని చేసే ఈ పనికీ, ఊళ్లో అనుమానం మీద నెలల తరబడి టీబీ మందులు వాడడానికీ చాలా తేడా ఉంది.

కిడ్నీ మందులు ఆపడం గురించి. మీ ఆలోచనలో కొంత నిజముంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో మేము కూడా రోగనిరోధక శక్తిని అణిచే మందులను తగ్గిస్తాము. సాధారణంగా ముందు మైకోఫినోలేట్‌ను ఆపుతాము, తర్వాత టాక్రోలిమస్‌ను తగ్గిస్తాము, స్టెరాయిడ్‌ను మాత్రం ఆపకపోగా కొన్నిసార్లు పెంచుతాము. నెలల తరబడి స్టెరాయిడ్ వాడినవారిలో, ఒంట్లో సహజంగా స్టెరాయిడ్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథులు నిద్రపోయి ఉంటాయి కాబట్టి జ్వరంలో దాన్ని హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. ఇంట్లో ఆపవద్దని నేను అంతగా చెప్పడానికి అసలు కారణం ఇదే. పరిస్థితి మరీ విషమిస్తే కిడ్నీని వదులుకునైనా మనిషిని కాపాడాలన్నది నా నమ్మకం, ఎందుకంటే కిడ్నీ పోతే డయాలసిస్ ఉంది, ఊపిరితిత్తులు పోతే అలా రోజులు గడిపే మార్గం లేదు. ఆ నిర్ణయం మాత్రం కిడ్నీ వైద్యుడు, ఛాతీ వైద్యుడు కలిసి తీసుకోవాలి.

అమ్మగారి కిడ్నీ గురించి. దాత నుంచి వచ్చే ఇన్ఫెక్షన్లు సాధారణంగా మొదటి కొన్ని వారాల్లో బయటపడతాయి. మరణానంతర దాతల విషయంలో, ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు చేరిన మొండి బాక్టీరియా వల్ల ఈ ప్రమాదం కొంత ఎక్కువ. ప్రాణంతో ఉన్న దాతను ఇవ్వకముందే ఎక్స్‌రే, వైరస్ పరీక్షలతో జల్లెడ పడతారు. పద్నాలుగు నెలల తర్వాత వచ్చిన ఛాతీ ఇన్ఫెక్షన్‌కు ఆమె కిడ్నీని కారణంగా భావించే ఆధారం మీరు చెప్పినదాంట్లో ఏదీ లేదు. దయచేసి ఈ మాట ఆమెకు స్పష్టంగా చెప్పండి. ఇలాంటి సందేహం ఎవరో అనడంతో నెలల పాటు కుమిలిపోయిన తల్లులను నేను చూశాను.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మార్పిడి డిశ్చార్జి పత్రం, గత ఆరు నెలల రక్త పరీక్షలు, ఇప్పుడు వాడుతున్న ప్రతి మాత్ర అట్ట, ఊళ్లో ఇచ్చిన యాంటీబయాటిక్‌ల చీటీలు తీసుకువెళ్లండి. టాక్రోలిమస్ స్థాయి పరీక్ష ఉన్న రోజున ఉదయం ఆ మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి, లేకపోతే స్థాయి తప్పుగా వస్తుంది. చివరి మాత్ర ఏ సమయానికి వేసుకున్నాడో రాసి పెట్టుకోండి.

అతను కోలుకున్నాక రెండు విషయాలు గుర్తు చేయండి. మొదటిది టీకాలు. ఏటా ఇన్‌ఫ్లూయెంజా టీకా, న్యూమోకోకల్ టీకా అతనికి వేయవచ్చు, ఇంట్లో అందరూ ఫ్లూ టీకా వేయించుకుంటే అతనికి మరింత రక్షణ. బతికున్న క్రిములతో చేసిన టీకాలు, అంటే తట్టు, ఆటలమ్మ టీకాల వంటివి, అతనికి వేయకూడదు. మార్పిడి రోగుల్లో టీకాల స్పందన తక్కువగా ఉంటుంది. కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకా మొదటి డోసు తర్వాత 17 శాతం మందిలో, రెండు డోసుల తర్వాత 54 శాతం మందిలో మాత్రమే యాంటీబాడీలు కనిపించాయని 2021లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు ప్రచురించారు. అందుకే చుట్టూ ఉన్నవారి టీకాలకు అంత విలువ. రెండోది కోట్రైమోక్సజోల్. తేలినది న్యూమోసిస్టిస్ అయితే చికిత్స ముగిశాక నివారణ మోతాదు మళ్లీ మొదలవుతుంది. రిజెక్షన్‌కు చికిత్స చేయాల్సి వచ్చి మోతాదులు పెంచినప్పుడు కూడా దాన్ని తిరిగి ఇస్తారు. పొటాషియం, క్రియాటినిన్ మీద కన్నేసి ఉంచాలి, సల్ఫా పడనివారికి వేరే మందులున్నాయి. ఎప్పటిదాకా వాడాలో తేదీతో సహా చీటీ మీద రాయించుకోండి, ఆ తేదీ వచ్చాక కూడా అడగకుండా ఆపవద్దు.

సీటీ, బ్రాంకోస్కోపీ ఫలితాలు వచ్చాక, పేరు, ఇతర గుర్తింపు వివరాలు తీసేసి ఇక్కడే రాయండి. చదివి చెబుతాను.